తలుపేసుకుని చేసిన ఆల్బమ్

పాట గురించి మీరు రాసే ఉత్తరాలకు ఈ పేజీలో నేను జవాబులు ఇస్తుంటాను. కర్నూలులో 29 ఏళ్లు బడిపిల్లలకు సంగీతం చెప్పాను. మా చర్చి క్వయర్‌ను ఇప్పటికీ నడుపుతున్నాను. పోయిన నెల థియోక్రసీ అనే అమెరికా బ్యాండు మొదటి ఆల్బమ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. క్రైస్తవ భక్తిని పవర్ మెటల్ బాణీలో, అంటే వేగమైన గట్టి రాక్ సంగీతంలో, పాడే బ్యాండు అది. ఆ నాలుగు ముక్కలకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకని ఈసారి పేజీ అంతా దానికే.

ప్రశ్న: టీచరమ్మ గారికి వందనాలు. మావాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా ఆయన ఇరవై ఏళ్లుగా చర్చిలో డోలక్ వాయిస్తారు. మీరు రాసింది చదివి మావాడు ఆ ఆల్బమ్ పట్టుకున్నాడు. రోజూ సాయంత్రం గది తలుపేసుకుని అదే వింటున్నాడు. బయటికి వినిపించేది దడదడ చప్పుడు, కేకలు. అడిగితే "ఇది కూడా దేవుని పాటే అమ్మా" అంటాడు. మా సంఘంలో పెద్దలు అది సైతాను సంగీతం అన్నారు. మా ఆయన ఫోన్ లాక్కుంటానంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
(ఒక తల్లి, కర్నూలు)

జవాబు: అమ్మా, ఫోన్ లాక్కోవద్దని ముందు మీ ఆయనకు చెప్పండి. ఎందుకో చెబుతాను. కాస్త పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

1988లో మా తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం దొరికింది. ఆ క్రిస్మస్‌కు ఇంటికి వస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. స్ట్రైపర్ అనే బ్యాండుది, 'టు హెల్ విత్ ద డెవిల్' అని దాని పేరు. సైతానును నరకానికి పొమ్మనడమే ఆ మాటకు అర్థం. నేను అర్థం దాకా పోలేదు. అట్ట మీద 'హెల్' అన్న మాట, 'డెవిల్' అన్న మాట చూశాను, లోపల పొడుగు జుట్టు మగవాళ్ల ఫోటో చూశాను, నేరుగా వెళ్లి నాన్నకు చెప్పాను. నాన్న సంఘపెద్ద. ఆయన అరవలేదు. క్యాసెట్ తీసుకుని పాత ఇనప ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టారు. తమ్ముడు ఒక్క మాట అనలేదు. పండగ అయిపోయాక బెంగళూరు వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడు మా ఇంటికి ఏ పాటా తేలేదు.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగింది గదా, అప్పుడు పాతబస్తీలో మా ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక మోకాటి లోతు బురద మిగిలింది. ట్రంకు పెట్టె మూత సుత్తితో కొట్టి తెరిచాను. కీర్తనల పుస్తకాలు నాని రెండింతలు ఉబ్బాయి. బాప్తిస్మ పత్రాల మీద సిరా అంతా కారిపోయింది. వాటి అడుగున ఆ క్యాసెట్. రెండు చక్రాల పళ్ల మధ్య ఎర్రమన్ను గట్టిగా పట్టుకుని ఉంది. బకెట్ నీళ్లలో కడిగాను, మిద్దె మీద పేపరు పరిచి ఆరబెట్టాను, పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పాను. రెండు చుట్లు తిరిగి టేపు తెగిపోయింది. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "అక్కా, అది నీకు వినిపిద్దామనే తెచ్చినాను" అన్నాడు.

ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది నాకు ఆ మాట తెలియడానికి. థియోక్రసీ ఆల్బమ్‌ను నాకు పరిచయం చేసింది కూడా వాడే. ఈసారి నేను తలుపు దగ్గర నిలబడి వినలేదు, వాడి పక్కన కూర్చుని విన్నాను. తలుపు బయట నుంచి వింటే దడదడే వినిపిస్తుందమ్మా. డ్రమ్ము చప్పుడు గోడ దాటుతుంది, మాట దాటదు. మీవాడు వింటున్నదీ మీరు వింటున్నదీ ఒకటి కాదు.

ఆ పాటల పేర్లే చూడండి. ఒకదాని పేరు 'సిన్నర్', అంటే పాపి. ఇంకొకటి 'ది హీలింగ్ హ్యాండ్', స్వస్థపరిచే చెయ్యి. ఇంకొకటి 'న్యూ జెరూసలేం', ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో మనం చదువుకునే నూతన యెరూషలేమే అది. బ్యాండు పేరు థియోక్రసీకి దేవుని పాలన అని అర్థం. రెండో పాట పేరు 'ఇక్‌థస్'. గ్రీకులో చేప అని. ఆ గ్రీకు మాటలో ఐదు అక్షరాలున్నాయి. యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు అనే ఐదు గ్రీకు మాటల మొదటి అక్షరాలు వరసగా పెడితే ఆ మాట వస్తుంది. తొలినాటి విశ్వాసులకు చేప బొమ్మ గుర్తు అయింది అందుకే. మన ఊళ్లో బైకుల వెనక, ఆటోల అద్దాల మీద రెండు వంపు గీతలతో అతికించుకునే చేప అదే. సండే స్కూల్లో పిల్లలకు మనం చెప్పే సంగతినే ఆ పాట చేసినాయన గిటార్‌తో చెప్పాడు.

ఇక చప్పుడు సంగతి. గిటార్ అలా గరగరమనడానికి కారణం ఉంది. యాంప్లిఫయర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ సిగ్నల్ పంపితే అది శబ్ద తరంగం కొనలు కోసేస్తుంది. అప్పుడు అసలు స్వరం పక్కన లేని స్వరాలు కూడా పుట్టుకొస్తాయి. ఆ గరగరలో స, గ, ప మూడూ కలిపి మీటితే అంతా కలగాపులగం అవుతుంది. అందుకని మెటల్ వాయించేవాళ్లు చాలాచోట్ల గాంధారం వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే మీటుతారు. దాన్ని పవర్ కార్డ్ అంటారు. స, ప. మన తంబురా శ్రుతి కూడా ఆ రెండు స్వరాలే. ఇది పట్టుకున్న రోజు నాకు ఆ సంగీతం పరాయిది కాకుండా పోయింది. ఎంత గోల చేసినా అడుగున తంబురా మోగుతూనే ఉంటుంది.

రెండు గిటార్లు ఒకే రాగాన్ని రెండు ఎత్తుల్లో జంటగా వాయించడం పవర్ మెటల్‌కు ముఖ్యమైన గుర్తు. క్వయర్‌లో సొప్రానో (పై గొంతు) ఒక వరస పాడితే ఆల్టో (కింది గొంతు) దాని కింద మూడో స్వరంలో నడుస్తుంది కదా, అదే పని. ఈ పద్ధతి 1980ల్లో జర్మనీలో బాగా పెరిగింది. హాంబర్గ్ నగరం నుంచి వచ్చిన హెలోవీన్ అనే బ్యాండు 1987లో తెచ్చిన ఆల్బమ్‌ను చూసి చాలామంది ఈ దారి పట్టారు. వేగం, ఎత్తైన గొంతు, పదిమంది కలిసి పాడుకోగలిగే పల్లవి, ఈ మూడూ అందులో ఉండాలి.

మీ ఆయనకు మాత్రం డ్రమ్స్ వినిపించండి. కింద రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతుంటారు. నిమిషానికి 160 దెబ్బల లయలో, ఒక్కో దెబ్బకు నాలుగు చొప్పున తొక్కితే సెకనుకు పదికి పైగా వస్తాయి. అంటే చతురశ్ర నడ, కాళ్ల మీద. ఇరవై ఏళ్లు డోలక్ వాయించిన మనిషి దాని కష్టం ఒక్క నిమిషంలో పట్టేస్తారు. నచ్చకపోవచ్చు. నచ్చకపోతే నచ్చలేదని కొడుకుతో కూర్చుని చెప్పమనండి, వాడు వింటాడు.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి. ఇయర్‌ఫోన్ సౌండు. వారానికి 40 గంటలు వినేవాళ్లకు 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్‌లో సగానికి కాస్త పైన ఆపమనండి. చెవిలో గుయ్యిమని మోత మొదలైతే ఆ రోజుకు ఆపేయాలి. కీర్తన విన్నా మెటల్ విన్నా చెవికి తేడా లేదు.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. రూములో ల్యాప్‌టాప్, ఒక గిటార్, ఒక మైకు ఉన్నాయి. సొంతంగా భక్తి ఆల్బమ్ చేయాలని ఉంది. డ్రమ్మరు లేడు. మీరు చెప్పిన ఆల్బమ్‌లో డ్రమ్స్ కంప్యూటర్‌లో చేశారని విన్నాను. అది మోసం కాదా? ట్యూన్లు నా దగ్గర పది దాకా ఉన్నాయి, మాటలు రాయడం మాత్రం రావడం లేదు.
(ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం వేసింది.

నువ్వు విన్నది నిజమే. థియోక్రసీ అంటే మొదట బ్యాండు కాదు, ఒక్క మనిషి. పేరు మ్యాట్ స్మిత్, ఊరు జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్. 2002లో మొదలుపెట్టాడు, 2003లో ఆల్బమ్ వచ్చింది. గిటార్లు, బేస్, కీబోర్డు, గొంతు అన్నీ తనే. డ్రమ్స్ మాత్రం ప్రోగ్రామింగ్. పల్లవిలో పెద్ద బృందం పాడినట్టు ఉంటుంది చూడు, అదీ అతనే, ఒక గొంతు మీద ఒక గొంతు పేర్చుకుంటూ పోయాడు. ఐదేళ్లకు, 2008లో, రెండో ఆల్బమ్ 'మిర్రర్ ఆఫ్ సోల్స్' వచ్చేసరికి మనుషులు కుదిరారు. అందులో చివరి పాట ఒక్కటే 22 నిమిషాలు ఉంటుంది. ఆ తర్వాత 2013లో మొదటి ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేశారు. ఈసారి బ్యాండు డ్రమ్మరు షాన్ బెన్సన్ నిజం డ్రమ్స్ వాయించాడు. మిక్సింగ్ కూడా కొత్తగా చేశారు.

రెండు కాపీలూ దగ్గర పెట్టుకుని ఒకే పాటను మార్చి మార్చి విను. నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా అదే పని చేశాను. 2013 దాంట్లో తాళానికి ఊపిరి వచ్చింది. ఒక దెబ్బ కొంచెం బలంగా, ఒక దెబ్బ కొంచెం మెత్తగా, పల్లవికి ముందు చిన్న తొందర. అయినా మనసు నాకు 2003 దాని మీదే నిలిచింది. డ్రమ్ము గట్టిగా, పొడిగా, ఒకే తీరున పోతుంటే దాని మీద ఆ గొంతు ఒంటరిగా ఎక్కుతుంది. తోడు దొరికేదాకా ఆగుదాం అని అతను అనుకోలేదు. చేతిలో ఉన్నదానితో చేశాడు. తోడు దొరికాక, ఆల్బమ్ వచ్చిన పదేళ్లకు, తిరిగి వచ్చి బాగు చేసుకున్నాడు. అందులో మోసం ఏముంది నాన్నా? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని చేస్తే మోసం అనే మాటే రాదు.

నీకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. మా తమ్ముడూ నేనూ చేసి చూసినవే.

డ్రమ్ము ప్రోగ్రామ్ చేసేటప్పుడు నువ్వు డ్రమ్మరువి అనుకుని కుర్చీలో కూర్చో. నీకు చేతులు రెండే, కాళ్లు రెండే. ఒకే క్షణాన స్నేరు డ్రమ్ము, ఒక తాళం, ఒక టామ్ డ్రమ్ము మోగించాలంటే మూడో చెయ్యి కావాలి. వినేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తప్పు ఉందని చెవి పట్టేస్తుంది. దెబ్బల బలం అన్నీ ఒకటే పెట్టొద్దు. మనిషికి కుడిచెయ్యి కొంచెం బరువు, ఎడమది కొంచెం తేలిక. ఆ తేడాను బలం అంకెల్లో చూపించు. కొన్ని దెబ్బలను తెర మీది లయ గీత నుంచి వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపు.

బృందగానం కావాలంటే నీ గొంతునే ఎనిమిదిసార్లు మళ్లీ మళ్లీ పాడు. ఒకసారి పాడింది కాపీ చేసి ఎనిమిదిసార్లు అతికిస్తే సౌండు పెరుగుతుందే గాని బృందం రాదు. ప్రతిసారీ ఉండే చిన్న చిన్న తేడాల వల్లే పదిమంది పాడినట్టు ఉంటుంది.

అనంతపురం ఎండలో ఫ్యాను ఆపి పాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రికార్డ్ చెయ్యి. అప్పుడు బోరు మోటార్లు ఉండవు, ఆటోలు ఉండవు, ఇంకా ఏ మైకూ మొదలై ఉండదు. అవ్వ కుట్టిన బొంతలు ఇంట్లో ఉంటే తెచ్చుకుని వెనక గోడకూ పక్క గోడకూ వేలాడదియ్యి. పాత చీరలు పొరలు పొరలుగా పెట్టి కుట్టిన బొంత గది మోతను బాగా తినేస్తుంది. గిటార్ బుయ్యిమంటుంటే ముందు ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకో. అద్దె గదుల్లో చాలాచోట్ల ఆ మూడో రంధ్రం ఉత్తుత్తిదే. అది షాకు కొట్టే సంగతి, అశ్రద్ధ చేయొద్దు.

మాటల సంగతి చివరి ఉత్తరం దగ్గర చెబుతాను.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఓపిక కూడా తక్కువ. ఒకే పాట వినమంటే ఏది వినమంటారు?
(ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: 'ఇక్‌థస్'. మొదటిసారి మాటలు పట్టించుకోవద్దు. రెండోసారి పల్లవి ఒక్కటే పట్టుకోండి.

ప్రశ్న: అమ్మా, నాకు 74 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ పెరిగినవాణ్ణి. ఇప్పుడు మా చర్చిలో ఆ పుస్తకం తెరిచేవాళ్లే లేరు. మీరేమో ఈ అరుపులను మెచ్చుకుంటున్నారు. అసలు ఈ రాక్ సంగీతం దేవుని దగ్గరికి ఎట్లా వచ్చింది? ఎవరు తెచ్చారు?
(విశ్రాంత ఉద్యోగి, కడప)

జవాబు: అయ్యా, మీ బాధ నా బాధ కూడా. మా క్వయర్‌లో పాతికేళ్ల లోపు పిల్లలు పదకొండుమంది ఉన్నారు. పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. నేను చూపించేదాకా అదేదో నంబరు అనుకున్నారు. కానీ ఆ పుస్తకాన్ని మూయించింది మెటల్ కాదయ్యా. మన జిల్లాల్లో మెటల్ వినేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కీర్తనలు నేర్పేవాళ్లు తగ్గిపోయారు, అందువల్ల ఆ పుస్తకం మూతపడింది. నేర్పాల్సిన నా తరానిదే ఆ తప్పులో పెద్ద భాగం.

మీరు అడిగిన చరిత్ర చెబుతాను. అమెరికాలో లారీ నార్మన్ అనే గాయకుడు 1969లో చేసిన ఆల్బమ్‌ను క్రైస్తవ రాక్‌కు మొదటి మెట్టుగా చాలామంది లెక్కిస్తారు. 1978లో షికాగోలోని రిజరెక్షన్ బ్యాండ్ ఆల్బమ్ వచ్చింది. గట్టి హార్డ్ రాక్. అందులో భార్యాభర్తలు ఇద్దరూ పాడేవాళ్లు. ఆ ఆడమనిషి గొంతు వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత స్ట్రైపర్. కాలిఫోర్నియాలో మైకేల్ స్వీట్, రాబర్ట్ స్వీట్ అనే అన్నదమ్ములు, గిటార్‌కు ఆజ్ ఫాక్స్, బేస్‌కు టిమ్ గెయిన్స్. 1984లో మొదటి రికార్డు 'ది ఎల్లో అండ్ బ్లాక్ ఎటాక్', 1985లో మొదటి పూర్తి ఆల్బమ్ 'సోల్జర్స్ అండర్ కమాండ్'. 1986లో వచ్చిందే మా ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడుపోయిందది. పసుపు నలుపు చారల బట్టలు వేసుకుని పాడుతూ, జనంలోకి కొత్త నిబంధన పుస్తకాలు విసిరేవాళ్లు.

ఆ చారలు సోకు కోసం కాదు. యెషయా 53వ అధ్యాయం 5వ వచనం మీకు కంఠస్థమే అయి ఉంటుంది. 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది' అని మన తెలుగు బైబిల్లో ఉంది. పాత ఇంగ్లీషు బైబిల్లో 'దెబ్బలు' అన్నచోట 'స్ట్రైప్స్' అని ఉంటుంది. చారలు అన్నమాట. ఆ మాట నుంచే బ్యాండు పేరు, ఆ చారల నుంచే బట్టలు. మనకు ఇది వివరించి చెప్పే పనే లేదు. బెత్తంతో కొడితే ఒంటి మీద చారలు తేలాయి అంటాం కదా మనం కూడా. తమ్ముడు ఆ రోజు క్యాసెట్ చూపిస్తూ ఇదే చెప్పబోయాడట. నేను వినలేదు.

వాళ్లను రెండు వైపుల వాళ్లూ తిట్టారు. కొందరు టీవీ బోధకులు తప్పుపట్టారు, కచేరీ హాళ్ల బయట విశ్వాసులే అట్టలు పట్టుకుని నిలబడ్డారు. రాక్ వాళ్లేమో బైబిల్ పట్టుకు తిరిగేవాళ్లన్నారు. మీకు ఒక సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. 'సోల్జర్స్ అండర్ కమాండ్' ఆల్బమ్‌లో చివరిది కొత్త పాట కాదు. 'గ్లోరీ గ్లోరీ హల్లెలూయా' అని మన చర్చిల్లో కూడా పాడుకునే 19వ శతాబ్దపు పాట. అంత గోల చేసిన పిల్లలు చివరికి తాతలనాటి పాట దగ్గరికే వచ్చి ఆగారు.

ఇక మన కీర్తనలు. పురుషోత్తమ చౌధరి 1803లో పుట్టి 1890లో పోయారు. దొరలు తెచ్చిన బాణీలు చేతిలో ఉండగా ఆయన కర్ణాటక రాగాల్లో, మన తాళాల్లో యేసును పాడారు. అప్పటిదాకా ఆ రాగాలు గుళ్లో, సభల్లో ఉన్నవి. తన చెవికి తెలిసిన సంగీతంలో తన దేవుణ్ణి పాడుకున్నారు. థియోక్రసీ మొదలుపెట్టిన ఏథెన్స్ కుర్రవాడు చేసిందీ అదే. ఈ ఇద్దరిలో ఒకరిని మెచ్చుకుని ఇంకొకరిని తోసేయడం నాకు చేతకావడం లేదయ్యా.

మీకు ఓపిక ఉంటే ఒక పని చేయండి. మీకు నోటికి వచ్చిన కీర్తనలు ఫోన్‌లో పాడి దాచండి. పాట మొదట్లో రాగం, తాళం పేరు మీ గొంతుతోనే చెప్పండి. కొన్ని బాణీలు పుస్తకం నుంచి నేర్చుకోలేం, మీలాంటివాళ్ల నోటి నుంచే రావాలి. ఆ ఫైళ్లు నాకు పంపితే మా క్వయర్ పిల్లలకు నేర్పుతాను. ఒట్టి మాట కాదు, ఈ నెల నుంచే మొదలుపెడతాను.

ప్రశ్న: అక్కా, నేను పాటలు రాస్తాను. ఇలాంటి వేగమైన సంగీతానికి తెలుగు పనికొస్తుందా? ఇంగ్లీషుకే సరిపోతుందని మా స్నేహితులు అంటున్నారు.
(ఒక యువతి, ప్రొద్దుటూరు)

జవాబు: చెల్లెమ్మా, తెలుగు దీనికి పుట్టినట్టే ఉంటుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడాలి.

ముందు లయ. మెటల్‌లో గ్యాలప్ అని ఒక నడక ఉంది, గుర్రం పరుగులాంటిది. ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండ్ బ్యాండు దాన్ని ఊరూరా తెలిసేలా చేసింది. ఒక పొడుగు దెబ్బ, వెంటనే రెండు పొట్టి దెబ్బలు. ఛందస్సు చదువుకుని ఉంటే నీకు ఈపాటికే తట్టి ఉంటుంది, గురువు, లఘువు, లఘువు. భగణం. 'దేవుడు' భగణం, 'జీవము' భగణం, 'స్తోత్రము' భగణం. బల్ల మీద గిటార్ దెబ్బ తట్టుకుంటూ ఆ మూడు మాటలు వరసగా అనిచూడు, మాట దానంతట అదే గుర్రం ఎక్కుతుంది. దెబ్బ తిరగేసి రెండు పొట్టి, ఒక పొడుగు చేస్తే అది సగణం. 'ప్రభువా' సగణం, 'వినవా' సగణం. బళ్లో గణాలు బట్టీ పట్టేటప్పుడు ఇవి ఎందుకురా అని విసుక్కున్న పిల్లలందరికీ ఇది చెప్పాలని ఉంది నాకు.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు. పవర్ మెటల్ గాయకుడు చరణం చివర పైస్థాయిలో ఒక స్వరం పట్టుకుని నాలుగైదు సెకన్లు నిలబెడతాడు. అక్కడ అచ్చు కావాలి. మనది అజంత భాష, మాటలు అచ్చుతోనే ఆగుతాయి, అది మన అదృష్టం. కానీ మన మాటల్లో చాలా వాటికి చివర ఉకారం ఉంటుంది. యేసు, దేవుడు, రక్షకుడు, వచ్చెను. పైస్థాయిలో ఉకారం మీద ఆగితే నోరు ముడుచుకుంటుంది, గొంతు బిగుస్తుంది, స్వరం పీలగా వస్తుంది. ఆకారం మీద ఆగితే నోరు తెరుచుకుంటుంది. అందుకని లైను చివర పిలుపు పెట్టు. దేవా, ప్రభువా, రాజా, రక్షకా. కీర్తనలు రాసిన పెద్దలు పల్లవి చివర సంబోధన ఎందుకు పెట్టేవాళ్లో పాడి చూస్తే తెలుస్తుంది. హల్లెలూయా అన్న మాట ఏ భాషలోకి పోయినా చివర ఆ ఆకారం పోలేదు చూడు.

వేగం ఉన్నచోట ఒత్తులు తగ్గించు. 'నిశ్చయంబుగా' లాంటి మాట సెకనుకు పది దెబ్బల మధ్య నలిగిపోతుంది. అలాంటివి పాట నెమ్మదించే చోటికి దాచుకో, అక్కడ బరువుగా పడతాయి. ఇంట్లో మాట్లాడుకునే మాటలు వాడటానికి భయపడవద్దు. 'నా కష్టం నీకు తెలుసు' అన్న లైను ఏ గిటార్ కిందా నలగదు.

ఇందాక అనంతపురం తమ్ముడి ఉత్తరం చదివావు కదా. ట్యూన్లు పది ఉన్నాయట, మాటలు లేవట. నువ్వు ఒక పల్లవి, రెండు చరణాలు రాసి ఈ పత్రికకే పంపు. చదివి, మార్చాల్సినవి ఉంటే ఎర్ర సిరాతో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను. ఆ తర్వాత మీ ఇద్దరికీ, మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకూ ఇష్టమైతే, పత్రిక ఆఫీసు ద్వారా ఒకరి ఉత్తరం ఒకరికి అందేలా చూస్తాను. కవరు మీద నీ చిరునామా పూర్తిగా రాయి, ఈసారి దాంట్లో పిన్ కోడ్ లేదు.